పని విడిచిన మేస్త్రి

మన విద్యార్థుల తలిదండ్రులలో ఇండ్లు కట్టించువారు కొందఱు గలరు గావున ఈ సంగతిని వ్రాయుచున్నాము. గోడలు లేచిన పిమ్మట మేస్త్రి పని విడిచిపోయినచో ఏమి చేయవలెను? 1963వ సంవత్సరపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టములో ఇందులకు స్పష్టమైన హక్కు మొదట లేకుండెను. 2018 అక్టోబరు 1వ తేదీన అమలులోనికి వచ్చిన సవరణ దానిని కల్పించినది. మఱియొకనిచేఁ బని ముగింపించుకొని, అందులకైన వ్యయమును మొదటివానినుండి రాఁబట్టవచ్చును.

అయితే ముందుగా, పనికి గడువు నిర్ణయించుచు, 30 దినములకు తక్కువ గాని నోటీసును వ్రాఁతమూలముగా పంపవలెను. కోపము మఱునాఁటివఱకైనను ఆగదు. క్రొత్త మేస్త్రిని పిలిచి, పిదప నోటీసు మాట తలఁచుకొన్నవానికి ఈ సెక్షను తోడ్పడదు. నోటీసు నకలును, తపాలా రసీదును, ఇటుకల, సిమెంటు ఖర్చుల చీటీలను భద్రపఱచుకొనవలెను. ఒడంబడికలో వేఱువిధముగ వ్రాసికొనియున్నచో ఈ హక్కు లేకపోవచ్చును. అది చేవ్రాలునకు ముందే చూడవలసినది.

ఇట్లు పని ముగింపించుకొన్నవాఁడు మరల మొదటి మేస్త్రిచేతనే ఆ పని చేయింపుఁడని కోర్టును కోరఁజాలఁడు; కలిగిన నష్టమునకు పరిహారము మాత్రము అడుగవచ్చును.