చివర చీలే వెంట్రుక

పంది వెంట్రుకను భూతద్దం కింద పెట్టి చూస్తే దాని కొన ఒకే మొనగా ఉండదు. రెండుగానో మూడుగానో, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పాయలుగానో చీలి కనిపిస్తుంది. మన తలలో వెంట్రుకలు ఇలా చిట్లితే కత్తిరించి పారేస్తాం. గడ్డం బ్రష్ తయారుచేసేవాళ్లకు మాత్రం కావలసింది ఆ చీలికే. మొదలు దగ్గర మందంగా, బిరుసుగా ఉండే వెంట్రుక కొనకు వచ్చేసరికి మెత్తటి పాయలుగా విడిపోతుంది. ఆ బిరుసు సబ్బును గట్టిగా రాచి నురగ తీస్తుంది, ఆ పాయలు చెంపకు గుచ్చుకోకుండా కాపాడతాయి. నైలాన్ వచ్చాక రంగుల బ్రష్‌లు చేసేవాళ్లు పోగుల కొనలను యంత్రాలతో చీల్చి మరీ ఈ గుణాన్ని తెచ్చుకోవలసి వచ్చింది.

అసలు గడ్డానికి బ్రష్ ఎందుకు? గడ్డం గీయడంలో కత్తికి ఎంత పని ఉందో నీళ్లకూ అంత పని ఉంది. వెంట్రుక కెరాటిన్ అనే ప్రొటీన్‌తో తయారవుతుంది. ఆ ప్రొటీన్ గొలుసులను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు తడి తగలగానే సడలుతాయి. వెంట్రుక తన బరువులో 30 శాతం దాకా నీటిని పీల్చుకోగలదు. అప్పుడు అడ్డంగా 14, 15 శాతం ఉబ్బుతుంది, పొడవులో పెరిగేది ఒకటి రెండు శాతమే. అలా నానిన వెంట్రుకను తెగ్గొట్టడానికి కత్తికి బలం చాలా తక్కువ చాలు. అయితే నానడానికి రెండు మూడు నిమిషాలైనా పడుతుంది. చెంప మీద చల్లిన నీళ్లు అంతసేపు ఆగవు, జారిపోతాయి. జారకుండా నిలిపేది నురగ, ఆ నురగను పుట్టించేది బ్రష్. సన్నని వెంట్రుకల మధ్య నీరు, గాలి, సబ్బు కలిసి నలిగినకొద్దీ బుడగలు చిన్నవవుతాయి. బుడగ ఎంత చిన్నదైతే నురగ అంత చిక్కగా, అంత ఎక్కువసేపు తడిగా ఉంటుంది. బ్రష్ వెంట్రుక కూడా కెరాటినే కాబట్టి అదీ నానాలి. పంది వెంట్రుక బ్రష్‌ను వాడేముందు కాసేపు గోరువెచ్చని నీళ్లలో ఉంచమనేది అందుకే.

ఐరోపాలో 18వ శతాబ్దం నుంచి ఈ బ్రష్ వాడుక పెరిగింది. డబ్బున్నవారికి బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలు, సెలూన్లకూ సామాన్యులకూ పంది వెంట్రుకలు. మాంసం కోసం త్వరగా బలిపించే పందులకు పొడవైన వెంట్రుక రాదు. చలి ప్రాంతాల్లో నెమ్మదిగా పెరిగే నాటు జాతుల మెడ మీద, వెన్ను వెంట వచ్చేదే మేలైన సరుకు. రష్యా, చైనా ఈ వ్యాపారంలో ముందుండేవి. మన దేశంలో కాన్పూరు, జబల్పూరు నుంచి లండన్‌కు పంది వెంట్రుకలు వెళ్లేవి.

మొదటి ప్రపంచయుద్ధం ఈ చిన్న వస్తువుకు భయంకరమైన పేరు తెచ్చిపెట్టింది. విషవాయువుల నుంచి కాపాడే ముసుగు ముఖానికి అతుక్కుని కూర్చోవాలంటే గడ్డం ఉండకూడదు. అమెరికా సైన్యం తన సైనికుల కోసం జిల్లెట్ రేజర్లు 35 లక్షల దాకా తీసుకుంది. ప్రతివాడికీ బ్రష్ కూడా కావాలి. యుద్ధం వల్ల బ్యాడ్జర్ వెంట్రుకల రాక దెబ్బతింది. గుర్రపు వెంట్రుకలకు రంగువేసి బ్యాడ్జర్ లాగా కనిపించేట్టు చేసిన చవక బ్రష్‌లు బజారును నింపాయి. ఆసియా నుంచి వచ్చిన ఆ వెంట్రుకల్లో కొన్నిటిలో ఆంథ్రాక్స్ వ్యాధి బీజాలు ఉన్నాయి. సరిగా శుద్ధి చేయని బ్రష్, రేజరు చేసిన సన్నని గాటు, ఈ రెండూ చాలు. ముఖం మీదా మెడ మీదా నల్లని పుండ్లతో బ్రిటన్, అమెరికాల్లో రెండు వందల మందికి పైగా జబ్బుపడ్డారు, వారిలో కొందరు చనిపోయారు. శత్రువు గుండు తగలకుండా బతికినవాడు గడ్డం గీసుకుని చనిపోవడం కన్నా ఘోరం ఏముంటుంది? 1920లో బ్రిటన్ జపాన్ బ్రష్‌ల దిగుమతిని నిషేధించింది. ఆ తర్వాత వెంట్రుకలను శుద్ధి చేయడం మీద నిఘా పెరిగింది. ఆ కాలపు బ్రష్‌లను ముచ్చటపడి కొనేవాళ్లు ఇవాళ్టికీ ఉన్నారు. పిడిని దాచుకోండి కానీ ఆ వెంట్రుకలను ముఖానికి తాకించకండి.

రెండో ప్రపంచయుద్ధంలో కథ మారింది. నౌకలకూ విమానాలకూ రంగులు వేసే కుంచెలకు పంది వెంట్రుక తప్పనిసరి కావడంతో అమెరికా దాన్ని యుద్ధ సామగ్రిలో చేర్చింది. చైనాకు సరుకులు మోసుకుని హిమాలయాల మీదుగా ఎగిరిన విమానాలు అస్సాంకు తిరిగి వచ్చేటప్పుడు తెచ్చినవాటిలో టంగ్‌స్టన్‌తో పాటు పంది వెంట్రుకల మూటలూ ఉన్నాయి. పంది వెంట్రుకకు పోటీగా 1938లోనే నైలాన్ టూత్‌బ్రష్ వచ్చేసింది. డబ్బాలోంచి నొక్కితే వచ్చే నురగ 1950 ప్రాంతంలో వచ్చింది. బ్రష్ అవసరమే లేదని చాలామంది అనుకున్నారు.

ఇటలీ, పోర్చుగల్ సెలూన్లు అలా అనుకోలేదు. బొలోన్యాలో 1931 నుంచి ఉన్న ఒమేగా, పోర్చుగల్‌లోని సెమోగ్ ఇప్పటికీ పంది వెంట్రుక బ్రష్‌లకే పేరుపడ్డాయి. వీటిలో ఏది కొనాలన్నప్పుడు చాలామంది పిడి అందం చూస్తారు. చూడవలసింది కుచ్చు. కట్టలో పూర్తి పొడవున్న వెంట్రుకలు ఎంత శాతమో కొందరు తయారీదారులు చెబుతారు. 90 శాతం అంటే మిగతా పది పొట్టివి. ఈ శాతం ఎక్కువైనకొద్దీ పైకొసలో చీలిన కొనలు ఎక్కువ, చెంపకు హాయి ఎక్కువ. తెల్లగా బ్లీచ్ చేసినవి మొదటి రోజు నుంచే కాస్త మెత్తగా ఉంటాయి, సహజ రంగువి బిరుసు నిలుపుకుంటాయి. మధ్యలో నల్లచార వేసి బ్యాడ్జర్‌లా చూపించేవాటిలో ఆ రంగు కంటికోసమే. కుచ్చు పొడవైతే ముఖం మీద సులువుగా వంగుతుంది, పొట్టిదైతే గట్టి సబ్బుబిళ్ల నుంచి నురగ బాగా లాగుతుంది. బిళ్లసబ్బు వాడేవారికి నేను పొట్టి కుచ్చు, సహజ రంగు చెబుతాను. ట్యూబ్ క్రీము వాడేవారికి, సున్నితమైన చర్మం ఉన్నవారికి బ్లీచ్ చేసిన పొడవు కుచ్చు మేలు.

కొత్త బ్రష్ మొదట్లో వాసన వేస్తుంది, గుచ్చుకుంటుంది, నురగను తనలోనే దాచుకుంటుంది. అప్పుడే పారేయకండి. తడిసి, ఆరి, మళ్లీ తడిసినకొద్దీ కొనలు ఇంకా చీలుతాయి. కొన్ని వారాల్లో అదే బ్రష్ పట్టులా మారుతుంది. బ్యాడ్జర్ కొన ఇలా చీలదు, అది కొన్నరోజే మెత్తన. వాడకంతో మెరుగయ్యే ఈ గుణం కోసమే నా ఓటు పంది వెంట్రుకకు. మతం వల్లో నమ్మకం వల్లో అది వద్దనుకునేవారికి గుర్రపు వెంట్రుక ఉంది, జంతువుల సంగతే వద్దనుకుంటే ఇప్పటి సింథటిక్ పోగులు చాలా బాగుంటున్నాయి.

తెలంగాణ, రాయలసీమల్లో బోరు నీళ్లతో గడ్డం గీసుకునేవారికి ఇంకో మాట. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కడతాయి, నురగ రాదు, తెట్టు వెంట్రుకల మొదళ్లలో పేరుకుంటుంది. అలాంటిచోట ఖరీదైన బ్రష్ కొనేముందు ఒక గ్లాసు ఫిల్టరు నీళ్లతో నురగ తీసి చూడండి. వాడాక మంచినీళ్లతో కడిగి, విదిలించి, గాలి తగిలేచోట ఆరబెట్టండి, మూత పెట్టిన డబ్బాలో కాదు.