పాడి రైతు ఇంట గ్యాస్ పొయ్యి: ఎంపిక, సంరక్షణ

దాణా, పచ్చిగడ్డి, వెన్న శాతం వంటి విషయాలు ఈ పత్రికలో తరచు చర్చించుకుంటున్నాము. ఈసారి పాలు కొట్టం దాటి వంటింట్లోకి వచ్చిన తరువాతి సంగతి ఒకటి సభ్యుల దృష్టికి తేదలచాము. అదే గ్యాస్ పొయ్యి.

ఇండేన్ గ్యాస్ మొదటి కనెక్షన్ 1965లో కలకత్తాలో ఇచ్చారు. చాలాకాలం అది పట్నవాసుల వస్తువుగానే ఉండెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో మొదలైన దీపం పథకం, 2016లో వచ్చిన ఉజ్వల పథకం దానిని పల్లెలకు చేర్చాయి. గొల్లపల్లి మండలంలోని సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు పాడి ఉన్న ఇండ్లలోనూ గ్యాస్ బండను చూస్తున్నాము. పొగ బాధ తగ్గినందుకు సంతోషమే. అయితే పాడి ఉన్న ఇంట ఒక ప్రమాదం ఎక్కువగా పొంచి ఉన్నది. అది పాలు పొంగడం.

పాలు పొంగితే ఏమవుతుంది?

తెల్లవారుజామున గంజులో పాలు పొయ్యి మీద పెట్టి, ఈలోగా రెండో బర్రెను పిండుకు వద్దామని ఇల్లాలు కొట్టంలోకి పోతుంది. పాలు పొంగి మంట ఆరిపోతుంది. నాబ్ తెరిచే ఉన్నది గనుక గ్యాస్ వస్తూనే ఉంటుంది. ఈ గ్యాస్ గాలికంటె ఇంచుమించు రెట్టింపు బరువు. పొగవలె పైకి పోదు, నీళ్ళవలె నేలమీద పరచుకొని మూలలకు చేరుతుంది. గాలిలో వందకు రెండు పాళ్ళు కలిస్తే చాలు, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. తిరిగి వచ్చి లైటు వేసినా, అదే గదిలో కట్టెల పొయ్యి మండుతున్నా ముప్పు తప్పదు.

కావున పొయ్యి మీద పాలున్నంతసేపు ఇంట్లో ఒకరు అక్కడ ఉండవలెను. ఎవరూ లేకుంటే పొయ్యి ఆర్పి కొట్టంలోకి పోవడం మేలు. గంజులో మూడింట రెండు వంతులకు మించి పాలు పోయరాదు. కాగు వచ్చినప్పుడు మంట తగ్గించాలి.

పొయ్యి ఎంపిక

ఐ.ఎస్.ఐ. ముద్ర ఉన్న పొయ్యినే కొనాలి. ఆ ప్రమాణం ప్రకారం గ్యాస్ ఇచ్చే వేడిలో వందకు కనీసం 68 పాళ్ళు గిన్నెకు అందాలి. ముద్ర లేని పొయ్యి చవకగా దొరికినా, ఆ మిగిలిన డబ్బు బండల ఖర్చులోనే పోవచ్చును. పాల గంజు పెద్దది గనుక అది ఊగకుండా నిలిచే గట్టి కాళ్ళు, పొంగినది తుడుచుకొనుటకు వీలుగా ఊడివచ్చే పళ్ళెం ఉన్నదేమో చూడాలి. మంట ఆరితే గ్యాస్ తనంతట ఆగిపోయే ఏర్పాటున్న పొయ్యిలు కూడా దొరుకుతున్నవి. స్తోమత ఉన్నవారు అట్టివి తీసుకొనుట మంచిది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుండి గల్ఫ్ పోయినవారు చాలామంది ఉన్నారు. అక్కడి పొయ్యి గాని, రెగ్యులేటర్ గాని తెచ్చి ఇక్కడి బండకు తగిలించవద్దు. ఏ గ్యాసుకు, ఎంత ఒత్తిడికి తయారైన పొయ్యి ఆ గ్యాసుకే పనికివస్తుంది. అమెరికాలో పెరట్లో మాంసం కాల్చే గ్రిల్లులకు ప్రొపేన్ వాడుతారు. అది గడ్డకట్టే చలిలోనూ ఆవిరై వస్తుంది. మన బండలో ఉన్నది ప్రొపేన్, బ్యూటేన్ కలిసిన గ్యాస్. గోబర్ గ్యాసుకు కూడా ఇదే సూత్రం. దానిలో వేడి తక్కువ గనుక రంధ్రం పెద్దదిగా ఉన్న ప్రత్యేకమైన పొయ్యి కావాలి.

కోవా చేసి అమ్మే సభ్యులు ఇంటి అవసరానికిచ్చిన 14.2 కిలోల బండను వాడరాదు. వ్యాపారానికి 19 కిలోల బండ వేరే ఉన్నది.

బండ తీసుకునేటప్పుడు

పాల కేంద్రంలో తూకం, వెన్న శాతం చూడకుండా ఒప్పుకోము గదా! బండ విషయంలోనూ అంతే. బండపై వ్రాసిన ఖాళీ బరువుకు 14.2 కిలోలు కలిపి తూచుకోవాలి. పై పట్టీమీద ఒక అక్షరం, సంవత్సరం ఉంటాయి. అది మరల పరీక్ష చేయించవలసిన గడువు. ఏ అంటే మార్చి వరకు, బీ అంటే జూన్, సీ అంటే సెప్టెంబరు, డీ అంటే డిసెంబరు వరకు. గడువు దాటిన బండను తీసుకోవద్దు.

నిత్య సంరక్షణ

బండను నేలమీద నిలువుగా ఉంచి, పొయ్యిని అంతకంటె ఎత్తున గట్టుమీద పెట్టాలి. గ్యాస్ అయిపోవచ్చినదని బండను పడుకోబెట్టడం, వేడినీళ్ళలో పెట్టడం ప్రమాదకరం.

మంట నీలంగా ఉంటే పొయ్యి బాగున్నట్లు. పసుపుపచ్చగా మండి గిన్నె అడుగు మసిబారితే గాలి సరిగా అందడం లేదని అర్థం. ఎండిన పాలమీగడ బర్నర్ రంధ్రాలను మూసివేస్తుంది. చల్లారిన తరువాత బర్నర్ మూత తీసి, సబ్బు కలిపిన గోరువెచ్చని నీటిలో కడిగి, పిన్నుతో రంధ్రాలు తీసి, పూర్తిగా ఆరినాక పెట్టాలి. లోపలి జెట్టును మాత్రం సూదితో పొడవరాదు. రంధ్రం పెద్దదైతే గ్యాస్ ఎక్కువగా వస్తుంది. అది మెకానిక్ చేయవలసిన పని.

దాణా బస్తాలున్న ఇంట ఎలుకలుంటాయి. అవి ట్యూబును కొరుకుతాయి. కనుక లోపల ఉక్కు తీగ అల్లిన సురక్ష ట్యూబునే వాడాలి. దాని పొడవు మీటరున్నరకు మించరాదు, 5 సంవత్సరాలకు ఒకసారి మార్చాలి. అతుకుల వద్ద సబ్బు నురుగు పూసి చూడండి. బుడగలు వస్తే గ్యాస్ కారుతున్నట్లే. అగ్గిపుల్ల గీసి ఎన్నడూ చూడరాదు.

వాసన వచ్చినచో

మంటలన్నీ ఆర్పి, నాబ్, రెగ్యులేటర్ కట్టివేయాలి. తలుపులు, కిటికీలు తెరవాలి. కరెంటు స్విచ్చి వేయరాదు, తీయరాదు. అందరూ బయటకు వచ్చి, దూరం నుండి 1906 నంబరుకు ఫోను చేయాలి. ఈ నంబరు రాత్రింబవళ్ళు పనిచేస్తుంది.

ఈ విషయాలను పాలు పోయడానికి వచ్చే మహిళా సభ్యులకు సేకరణ కేంద్రం వద్ద చదివి వినిపించవలసినదిగా సంఘ కార్యదర్శులను కోరుతున్నాము.