పరీక్ష ఎవరికి?

పరీక్ష హాలు గుమ్మంలో నిలబడిన విద్యార్థి గుండె ఎట్లా కొట్టుకొంటుందో పాఠశాలతో సంబంధమున్న ప్రతివారికీ తెలుసు. నోరెండిపోతుంది, చదివినదంతా ఎక్కడికో ఎగిరిపోయినట్లుంటుంది. అయితే ఆ భయం వల్ల చెడేది అతని జవాబుపత్రం ఒక్కటే. ఒకరి భయం పక్కనున్న మూగప్రాణిని కూడా తడబడజేసే పరీక్ష మరొకటి ఉన్నది. అది కుక్కల విధేయతా పరీక్ష.

అమెరికాలో ఈ పోటీలకు అంకురార్పణ జరిగింది 1933 అక్టోబరులో, న్యూయార్కు నగరానికి ఉత్తరాన ఉన్న మౌంట్ కిస్కోలో. హెలెన్ వైట్‌హౌస్ వాకర్ అనే మహిళ పూడిల్ జాతి కుక్కలను పెంచేది. ఆ కుక్కలు బొచ్చు కత్తిరించి ముస్తాబు చేసుకోవడానికే గాని మరి దేనికీ కొరగావని ఎగతాళి చేసేవారికి వాటి తెలివిని చూపించాలని ఆమె పూనుకొన్నది. నాటి పోటీలో పాల్గొన్న కుక్కలు ఎనిమిదే. 1936లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఈ పరీక్షలను గుర్తించి నియమాలు ఏర్పరచింది. మరుసటి ఏడు వాకర్, ఆమె సహచరి బ్లాంచ్ సాండర్స్ తమ పూడిళ్లను వెంటబెట్టుకొని ఊరూరా తిరిగి ప్రదర్శనలిచ్చారు.

ఈనాటి ప్రారంభ తరగతి పరీక్షకు మొత్తం మార్కులు 200. ఉత్తీర్ణతకు 170 రావాలి. అంతేగాక ప్రతి అంశంలోను సగానికి మించి రావాలి. కుక్క తన యజమాని ఎడమకాలి పక్కనే, తాడుతో ఒకసారి, తాడు లేకుండా ఒకసారి, అడుగులో అడుగు కలిపి నడవాలి. పరాయి మనిషి వచ్చి తాకినా కదలక నిలబడాలి. సుమారు 35 అడుగుల దూరాన కూర్చుండబెట్టి ఒక్కసారి పిలిస్తే తిన్నగా వచ్చి ఎదుట కూర్చోవాలి. రెండోసారి పిలిస్తే ఆ అంశం పోయినట్లే. బరిలో తిండి ఆశ చూపడానికి వీలులేదు.

ఓడినవారి నోట తరచుగా వినిపించే మాట ఒకటున్నది: “ఇంటి దగ్గర ఎంత చక్కగా చేసేదో!” ఆ మాట అబద్ధం కాదు. ఇంటి దగ్గర చేసిన కుక్క ఇదే. చేయించిన మనిషి మాత్రం వేరు. పెరట్లో అతడు చేతులు వదలి, తలెత్తి, బారలు సాచి నడిచాడు. బరిలో అతని అడుగు కురుచబడింది. గొంతు పీలగా పలికింది. తాడు పట్టిన పిడికిలి గుండెకు అదుముకొన్నది. కుక్క వస్తున్నదో లేదో అని భుజం మాటిమాటికీ వెనక్కు తిరిగింది. పదాలు పాతవే. కాని కుక్క నేర్చుకొన్నది పదాలు మాత్రమే కాదు; వాటిని పలికే మనిషి తీరునంతా నేర్చుకొన్నది.

జంతువులు మన శరీరాన్ని ఎంత నిశితంగా చదువుతాయో బెర్లిన్ నగరపు గుర్రమొకటి ఏనాడో చాటింది. హాన్స్ అనే ఆ గుర్రం ఏ లెక్క ఇచ్చినా గిట్టతో తట్టి జవాబు చెబుతుందని 1904 నాటికి గొప్ప ప్రసిద్ధి. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ పరిశోధించి, 1907లో అసలు సంగతి వెల్లడించాడు. అడిగేవానికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలిసేది కాదు! తట్టవలసిన సంఖ్య పూర్తి కాగానే అడిగేవాని తల తనకు తెలియకుండానే రవంత కదిలేది. హాన్స్ దానిని చూసి ఆగిపోయేది.

కుక్కకు కంటికి తోడు ముక్కు కూడా ఉన్నది. 2022లో బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ విశ్వవిద్యాలయం వారు 36 మందికి కఠినమైన మనోగణితం ఇచ్చి, అంతకు ముందూ తరువాతా వారి చెమటను, శ్వాసను సేకరించారు. శిక్షణ పొందిన నాలుగు కుక్కలు 720 పర్యాయాల్లో నూటికి దాదాపు 94 సార్లు ఆందోళన నాటి వాసనను సరిగా ఏరిపెట్టాయి. లెక్కలంటే మనకున్న భయానికి వాసన కూడా ఉన్నదన్నమాట. వాసనను గుర్తించినంత మాత్రాన కుక్క కూడా భయపడిందని ఋజువు కాదు. కాని దాని దగ్గర మన గుండెదడను దాచుకోగలమనుకోవడం మాత్రం భ్రమ.

దాచలేనప్పుడు చేయవలసినదేమి? మొదటిది, బరిని కొత్తది కాకుండా చేసుకోవడం. సాధన పెరటితో ఆగరాదు. సంతల దగ్గర, పార్కుల్లో, పరాయి మనిషి ఆజ్ఞలిస్తుండగా, నలుగురు చూస్తుండగా సాగాలి. రెండవది, కుక్క లేకుండా తానొక్కడే నడవడం నేర్చుకోవడం. ఒక తరగతిలోని కుక్కలన్నిటికీ నడక మార్గం ఒక్కటే గనుక ముందువారిని గమనించి మలుపులు కంఠస్థం చేయవచ్చు. దారి తెలిసిన కాలు తడబడదు. మూడవది ఊపిరి. భయపడిన మనిషి ఊపిరి బిగబడతాడు. గుమ్మం దగ్గర నాలుగుసార్లు నిదానంగా, పూర్తిగా వదిలితే భుజాలు దిగుతాయి, గొంతు తన స్థాయికి వస్తుంది. నాలుగవది, భయంతో కలహించకపోవడం. హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రకటించిన ప్రయోగాలలో, పాడబోయే ముందూ, ఉపన్యసించబోయే ముందూ “నేను శాంతంగా ఉన్నాను” అనుకొన్నవారి కంటె “నాకు ఉత్సాహంగా ఉన్నది” అనుకొన్నవారే బాగా రాణించారు. దడ ఒకటే, పేరు మార్చితే అది పనికి వస్తుంది.

ఇన్ని చేసినా కుక్క ఒకనాడు తప్పుతుంది. పిలిస్తే లేవదు, లేదా నడుమ ఆగి గడ్డి వాసన చూస్తుంది. చుట్టూ నవ్వులు. యజమాని ముఖం కందిపోతుంది. అసలు పరీక్ష అప్పుడు మొదలవుతుంది. బరిలో దండిస్తే నిర్ణేత బయటికి పంపుతాడు. కాని బరి దాటిన తరువాత చూసే నిర్ణేత లేడు. అక్కడ విదిలించిన తాడును కుక్క మరచిపోదు. తన తప్పేమిటో దానికి తెలియదు. జనం మధ్యకు వచ్చిననాడు యజమాని మారిపోతాడని మాత్రం తెలుసుకొంటుంది. తరువాతి పోటీకి అది ఆ భయంతోనే వస్తుంది.

తనిఖీకి అధికారి వచ్చిననాడు నిన్నటి పాఠానికే పిల్లలు నోరు మెదపకపోవడం ఉపాధ్యాయులు ఎరుగనిది కాదు. ఆనాడు మన గొంతు ఎట్లా ఉన్నదో ఎన్నడైనా విన్నామా? అధికారి వెళ్లిపోయాక పిల్లలతో ఏమన్నాము?

కుక్కకు 170 అంటే ఏమిటో తెలియదు. బరి వెలుపల అది తోక ఊపుతూ తన మనిషి ముఖంలోకి చూస్తుంది. గెలిచిననాడు నిమిరిన చేయే ఓడిననాడూ నిమిరితే, అది మళ్లీ బరిలోకి సంతోషంగా నడుస్తుంది.