రతన్ లాల్

రతన్ లాల్ (జననం: 1944 సెప్టెంబరు 5) భారత సంతతికి చెందిన అమెరికా మృత్తికా శాస్త్రవేత్త. నేటి పాకిస్తాన్‌లోని పంజాబులో జన్మించాడు. దేశవిభజన తరువాత కుటుంబం హర్యానా ప్రాంతానికి తరలివచ్చింది. లూధియానా, ఢిల్లీలలో చదివి, 1968లో ఒహైయో రాష్ట్ర విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందాడు.

1970లో నైజీరియాలోని ఇబదాన్‌లో గల అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థలో చేరాడు. అడవి నరికి దున్నిన నేల భారీ వర్షాలకు కొట్టుకుపోవడం అక్కడ గమనించాడు. దున్నకుండా, పంట మోళ్ళను, ఆకులను నేలపైనే ఉంచి విత్తితే చినుకుల తాకిడి తగ్గుతుంది, నీరు ఇంకుతుంది, సేంద్రియ కర్బనం నిలుస్తుంది. నాగలిని నమ్ముకున్న మనకు ఇది వింతగా తోచవచ్చు. పశువుల మేతకు పనికివచ్చే గడ్డిని పొలంలోనే వదలడం పేదరైతుకు సులభమూ కాదు.

1987లో ఒహైయోకు తిరిగివచ్చి, పైర్లు గాలినుండి గ్రహించిన కర్బనాన్ని నేలలోనే నిలపడంపై పరిశోధనలు సాగించాడు. 2020లో ప్రపంచ ఆహార బహుమతి, 2021లో పద్మశ్రీ పురస్కారం లభించాయి.