శాస్త్రం అన్నం పెట్టగలదా?

ఉద్యోగరీత్యా ఢిల్లీలో స్థిరపడిన తెలుగువారికి అశోకా రోడ్డు అనగానే మొదట గుర్తుకు వచ్చేది ఆంధ్ర భవన్ భోజనశాల. అక్కడ అడిగినవారికల్లా అడిగినంత అన్నం వడ్డిస్తారు. ప్రపంచమంతటికీ ఇది సాధ్యమేనా? 2022 నవంబరు 15 నాటికి భూమిపై జనసంఖ్య 800 కోట్లకు చేరిందని ఐక్యరాజ్య సమితి ప్రకటించింది. ఇంతమంది ఆకలిని సాంకేతిక విజ్ఞానం తీర్చగలదా?

ఈ సందేహం కొత్తది కాదు. జనాభా పెరుగుదలను ఆహారోత్పత్తి అందుకోలేదని 1798లోనే ఆంగ్ల ఆర్థికవేత్త మాల్థస్ హెచ్చరించాడు. 1966లో మన దేశానికి ఆ భయం అనుభవంలోకి వచ్చింది. వరుస అనావృష్టి కారణంగా ఆ ఏడు సుమారు కోటి టన్నుల ధాన్యాన్ని దిగుమతి చేసుకోవలసి వచ్చింది. కాని తరువాతి చరిత్ర వేరు. 1950-51లో సుమారు 5 కోట్ల టన్నులున్న ఆహారధాన్యాల ఉత్పత్తి 2022-23 నాటికి దాదాపు 33 కోట్ల టన్నులకు చేరింది. ఈ కాలంలో జనాభా నాలుగింతలు కాగా, ధాన్యం ఆరింతలు దాటింది.

ఈ విజయానికి గోదావరి డెల్టాయే చక్కని నిదర్శనం. 1832-33 నాటి నందన కరువును చవిచూసిన ఆ ప్రాంతానికి సర్ ఆర్థర్ కాటన్ 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట నిర్మించి నీరందించాడు. నేడు అక్కడి బ్యారేజీ కింద సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. నీటికి విత్తనం తోడైంది. మార్టేరు పరిశోధనా కేంద్రంలో రూపొంది 1982లో విడుదలైన స్వర్ణ వరి వంగడం తూర్పు భారతమంతటా వ్యాపించింది. ముంపును తట్టుకోలేకపోవడం దాని లోపం. ఒడిశాకు చెందిన ఒక పాత వరి రకంలోని జన్యువును దానికి జోడించి తయారుచేసిన స్వర్ణ-సబ్ 1 మన దేశంలో 2009లో విడుదలైంది. ఇది రెండు వారాలపాటు నీట మునిగినా తిరిగి కోలుకోగలదు. పూర్వులు కాపాడిన విత్తనం లేనిదే ఈ నూతన విజ్ఞానం లేదన్నది ఇక్కడ గమనార్హం.

నీరూ, విత్తనమూ ఉన్న ఆ డెల్టాలోనే 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. పెట్టుబడి పెరిగిందనీ, ధాన్యానికి గిట్టుబాటు ధర లేదనీ వారి ఆవేదన. ఎకరాకు ఎన్ని బస్తాలు పండించవచ్చునో శాస్త్రం చెప్పగలిగింది గాని, ఆ బస్తాకు తగిన ధర ఇప్పించడం దాని చేతిలో లేదు.

పండినదంతా కడుపులోకి చేరుతున్నదా అంటే, అదీ లేదు. 2022లో ప్రపంచవ్యాప్తంగా ఇళ్లలో, హోటళ్లలో, దుకాణాలలో కలిపి దాదాపు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయినట్లు ఐక్యరాజ్య సమితి పర్యావరణ సంస్థ అంచనా. అందులో అధికభాగం ఇళ్లలోనిదే.

కనుక ధాన్యరాశిని పెంచడం శాస్త్రజ్ఞుల వంతు. రైతుకు న్యాయమైన ధర కల్పించడం ప్రభుత్వాల వంతు. కంచంలోని మెతుకును పారవేయకుండా ఉండటం మనందరి ఇళ్లలో నేడే ఆరంభించదగిన పని. ఈ మూడూ కలిసిననాడే శాస్త్రం పండించిన అన్నం ఆకలిగొన్నవారికి అందుతుంది.