కెవి చెవి అయిన కథ

బస్తర్ అడవులలో వారపు సంత సాగుతున్నప్పుడు, అక్కడి గోండీ సంభాషణ తెలుగువానికి మొదట ఏమీ బోధపడదు. కాని శ్రద్ధగా వింటే ఎరిగిన మాటలే వేషం మార్చుకుని వచ్చినట్లు తోస్తుంది. కన్ను అక్కడ ‘కన్’. కాలు ‘కాల్’. నాలుగు ‘నాలుంగ్’. ఇంతవరకు పోలిక స్పష్టమే.

మరి చెవి? గోండులు దానిని ‘కెవి’ అంటారు. మన చేయి వారికి ‘కయ్’. మన చిచ్చు వారికి ‘కిస్’. తెలుగులో చకారం ఉన్నచోట గోండీలో కకారం వినబడుతుంది. కన్నడంలోనూ అంతే: కివి, కై, కిచ్చు.

ఇది కాకతాళీయం కాదు. ఒకప్పుడు ఈ మాటలన్నిటికీ మొదట ఉన్నది కకారమే. ఇ, ఎ వంటి అచ్చులను పలికేటప్పుడు నాలుక ముందుకు జరుగుతుంది. ఆ అచ్చులకు ముందున్న కకారాన్ని కూడా అది ముందుకు లాగగా, తెలుగులో ‘కె’ కాస్తా ‘చె’ అయింది. అట్లయితే ‘క్రింద’ అనే మాట ఎట్లా మిగిలింది? కకారానికీ ఇకారానికీ నడుమ రేఫ అడ్డు నిలవడం వల్ల. ‘కిటికీ’, ‘కిరణం’ వంటివి తర్వాత అరువు వచ్చిన మాటలు కనుక వాటికి ఈ మార్పు సోకలేదు.

ఊళ్ల పేర్లలోనూ ఈ బంధుత్వం దాగి ఉంది. దంతెవాడ ప్రాంతంలో పాల్‌నార్, నకుల్‌నార్, ఛింద్‌నార్ అనే గ్రామాలున్నాయి. గోండీలో ‘నార్’ అంటే ఊరు. పలనాడు, వెలనాడు అనే పేర్లలోని ‘నాడు’ దీనికి తోబుట్టువు. ఛింద్ అంటే ఆ ప్రాంతపు వాడుకలో ఈతచెట్టు.

ఇట్టి పోలికలను బరో, ఎమెనోలు 1961లో ప్రకటించి 1984లో సవరించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు ఒకచోట చేర్చింది. తెలుగువాడైన భద్రిరాజు కృష్ణమూర్తి (1928–2012) ఈ ధ్వని సూత్రాలను జీవితాంతం పరిశోధించారు.

ఇది పండితుల వినోదం మాత్రమే కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ మాతృభాషగా గలవారు దేశంలో 29 లక్షల 84 వేలమంది. అయినా ఆ భాషకు రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో స్థానం లేదు. బస్తర్ బడులలో బోధన సాధారణంగా హిందీలోనే సాగుతుంది. హిందీలో ‘కాన్’ అంటే చెవి; ఇంటివద్ద పిల్లవాడు నేర్చిన ‘కన్’ కన్ను. ఒక్క దీర్ఘం తేడాతో, ఉపాధ్యాయుడు చెవి చూపమంటే ఆ పసివాడు కన్ను చూపవచ్చును. అతనికి తెలివి లేదని తలచేవారే తప్ప, అతని మాట తెలిసినవారు అక్కడ లేకపోతే ఆ తప్పు ఎవరిది?

కెవి అన్నా చెవి అన్నా పుట్టిల్లు ఒకటే. ఆ సంగతి తెలిసిన తెలుగువానికి గోండీ ఇక పరాయి భాషగా వినబడదు.