ప్రిఫిక్స్ కనిపించగానే 'వ్యతిరేకం' అనుకోకండి

ఈ రోజు ప్రిఫిక్స్‌ల గురించి మాట్లాడుకుందాం. ముందు నా పరువు పోయిన కథ ఒకటి చెప్తా.

బీటెక్ అయ్యాక మొదటి ఉద్యోగం. ప్రాజెక్ట్ అయిపోగానే మా మేనేజర్ టీమ్ మొత్తానికీ మెయిల్ పెట్టారు. అందులో నా పని 'ఇన్‌వాల్యుబుల్' అని రాశారు. కరెక్ట్‌కి వ్యతిరేకం ఇన్‌కరెక్ట్ కదా, అలాగే ఇది కూడా 'విలువ లేనిది' అనుకున్నా. రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్నే వెళ్లి "సారీ సర్, ఇంకోసారి ఇలా జరగదు" అన్నా. ఆయనకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు.

తప్పు ఎక్కడ జరిగింది? ప్రిఫిక్స్ అంటే పదం ముందు చేరి అర్థాన్ని మార్చే చిన్న ముక్క. ఇక్కడ 'ఇన్' అంటే 'లేదు, కాదు' అనే. కానీ 'వాల్యూ' అంటే వెల కట్టడం అని కూడా అర్థం. 'ఏబుల్' అంటే వీలైనది. మూడూ కలిపితే, వెల కట్టడానికి వీల్లేనంత గొప్పది!

ఇది మనకి కొత్త కాదు. అ ప్లస్ మూల్యం, అమూల్యం. 'అమూల్యమైన సలహా' అంటే పనికిరాని సలహా అని ఎవరైనా అనుకుంటారా? తెలుగులో తెలిసిన లాజిక్కే ఇంగ్లిష్‌లో మర్చిపోయా.

ఇంకో ట్విస్ట్ ఉంది. పెట్రోల్ ట్యాంకర్ వెనక 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అని చూసే ఉంటారు. మంట అంటుకోదని కాదు, ఇట్టే అంటుకుంటుందని! లాటిన్‌లో 'లోపల, లోకి' అనే ఇంకో 'ఇన్' ఉంది, ఇది అక్కడి నుంచి వచ్చింది. తప్పుగా చదివితే ప్రాణాలకే ముప్పు. అందుకే 'ఫ్లేమబుల్' అని కూడా రాస్తారు. రెండింటికీ అర్థం ఒకటే. మంట అంటుకోనిదైతే 'నాన్‌ఫ్లేమబుల్'.

ఇంకొకటి, ఈ 'ఇన్' వేషాలు కూడా మారుస్తుంది. పాజిబుల్ ముందు 'ఇమ్', లీగల్ ముందు 'ఇల్', రెగ్యులర్ ముందు 'ఇర్'. పక్క అక్షరంతో కలిపి పలకడం సులువని అలా మారింది. మన సంధి లాంటిదే.

కాబట్టి కొత్త పదం కనిపిస్తే ముక్కలు చేయండి, అర్థం ఊహించండి, కానీ వాక్యంలో పెట్టి ఒకసారి సరిచూసుకోండి. లేదంటే నాలాగే పొగిడినందుకు సారీ చెప్పాల్సి వస్తుంది!

మీరు ఇలా బోల్తా పడ్డ పదం ఏంటో కామెంట్ చేయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!